పెట్రోలు ట్యాంకులో పరాయి పదార్థాలు

రోడ్డు ప్రక్కన ఆగిపోయిన కారును చూచి మెకానిక్కు మొట్టమొదట అడిగే ప్రశ్న "పెట్రోలు ఉన్నదా?" అనేది. రెండవ ప్రశ్న "ఎక్కడ పోయించారు?" అనేది. మొదటి ప్రశ్నకు కారులోని మీటరు జవాబు చెప్పగలదు. రెండవ ప్రశ్నలోని అసలు సందేహానికి, అనగా ట్యాంకులో ఉన్నది పెట్రోలేనా అనే దానికి, జవాబు చెప్పగల మీటరు సామాన్యమైన కార్లలో నేటికీ లేదు. ట్యాంకులో చేరరానిది చేరడం, దానిని మనుష్యులు పసికట్టడం, పసికట్టిన వారి కన్నుగప్పి అది మరొక రూపంలో తిరిగి చేరడం — ఇది మోటారు కారు కంటె పాతదైన చరిత్ర.

ఈ చరిత్ర అర్థం కావలెనన్నచో పెట్రోలు అంటే ఏమిటో ముందుగా తెలియవలెను. ముడి చమురును స్వేదనం చేసినప్పుడు తేలికైన భాగాలు ముందుగాను, బరువైన భాగాలు తరువాతను ఆవిరియై వేరవుతాయి. సుమారు 30 డిగ్రీల నుండి 200 డిగ్రీల సెంటిగ్రేడు వరకు మరిగే భాగం పెట్రోలు. సుమారు 150 నుండి 300 డిగ్రీల లోపు మరిగే భాగం కిరసనాయిలు. రెండింటి ఎల్లలు కొంతమేర ఒకదానిపై ఒకటి పడుతున్నవని గమనించవలెను. రెండూ హైడ్రోకార్బనుల మిశ్రమాలే. ఒకే తల్లి బిడ్డలైన ఈ రెండు ద్రవాలు ఎంత పాళ్లలోనైనా చక్కగా కలిసిపోతాయి. కలిసిన తరువాత కంటికి వేరుగా కనిపించవు. నీటిలో పాలు కలిపినట్లు రంగు మారదు. పాలలో నీళ్లు కలిపినట్లు పలుచనా కాదు. కల్తీ చరిత్రకు మూలం ఈ చిన్న సత్యమే.

దీపపు నూనెలో పెట్రోలు

నేడు పెట్రోలులో కిరసనాయిలు కలుపుతారని వింటాము. కాని ఈ రెండు ద్రవాల కల్తీ మొదలయినది సరిగా దీనికి తలక్రిందులుగా. 1859లో అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రంలో, టైటస్‌విల్ వద్ద ఎడ్విన్ డ్రేక్ నూనెబావి త్రవ్వించినప్పుడు ప్రపంచానికి కావలసినది దీపపు నూనె. మోటారు కారు ఇంకా పుట్టలేదు. ముడి చమురు నుండి కిరసనాయిలు తీయగా మిగిలే తేలిక భాగాన్ని, అనగా నేటి పెట్రోలును, కొనే దిక్కు లేదు. శుద్ధి కర్మాగారాల వారు దానిని కొంత కాల్చివేసేవారు, కొంత ఏటిపాలు చేసేవారు.

పారబోయవలసిన ద్రవాన్ని ఖరీదైన ద్రవంలో కలిపితే లాభమే కదా! కొందరు వర్తకులు అట్లే చేశారు. పెట్రోలు కలిసిన కిరసనాయిలు దీపంలో పోసినప్పుడు నూనెబుడ్డిలోని ఖాళీభాగం మండే ఆవిరితో నిండుతుంది. వత్తి ప్రక్క సందులోనుండి మంట లోనికి దిగితే బుడ్డి ప్రేలుతుంది. 1860, 1870 దశకాలలో అమెరికాలోను, యూరపులోను ఇట్టి ప్రమాదాలలో ఎందరో కాలి చనిపోయారు. వారిలో ఇంటి దీపాలు వెలిగించే స్త్రీలూ, పిల్లలూ ఎక్కువ. న్యూయార్కు నగర ఆరోగ్యమండలి పక్షాన చార్లెస్ చాండ్లర్ అనే రసాయన శాస్త్రజ్ఞుడు 1870 దరిదాపులలో అంగళ్లలోని కిరసనాయిలు నమూనాలు తెప్పించి పరీక్షించగా, వానిలో అధికభాగం దీపానికి పనికిరాని ప్రమాదకరమైన నూనె అని తేలినది. 1870లో స్థాపించిన ఒక పెద్ద చమురు కంపెనీ తన పేరులో 'స్టాండర్డ్' అనే మాటను చేర్చుకొనడానికి కూడ ఈ పరిస్థితియే కారణమని చెబుతారు: ప్రతి పీపాలోను ఒకే నాణ్యమైన నూనె ఉండునని కొనేవారికి నమ్మకం కలిగించడం దాని ఉద్దేశం.

నమ్మకం ఒకటే చాలదు, కొలత కావలెను. నూనెను మెల్లగా వేడిచేయుచు, దాని ఆవిరి ఏ ఉష్ణోగ్రత వద్ద చిన్న మంట సోకగానే క్షణకాలం అంటుకొనునో దానిని జ్వలన స్థానం అంటారు. పెట్రోలు జ్వలన స్థానం సున్న డిగ్రీల కంటె ఎంతో తక్కువ. కిరసనాయిలు జ్వలన స్థానం మన ఎండాకాలపు ఉష్ణోగ్రతకు దరిదాపుల, లేక అంతకు పైన ఉండును. కిరసనాయిలులో కొద్దిపాటి పెట్రోలు కలిసినా జ్వలన స్థానం చటుక్కున పడిపోతుంది. కనుక కల్తీని పట్టడానికి ఇది మంచి సాధనం. బ్రిటనులో 1862లోనే దీనిపై చట్టం వచ్చినది గాని, మూతలేని పాత్రలో చేసిన పరీక్ష ఒకచోట చేసినట్లు మరొకచోట వచ్చేది కాదు. ఫ్రెడరిక్ ఆబెల్ అనే రసాయన శాస్త్రజ్ఞుడు మూతగల పాత్రతో ఒక పరికరాన్ని నిర్మించాడు. 1879లో బ్రిటిషు చట్టం ఆ పరికరాన్ని స్వీకరించి, 73 డిగ్రీల ఫారన్‌హీట్‌ను ఎల్లగా నిర్ణయించినది. అది సెంటిగ్రేడులో దాదాపు 23 డిగ్రీలు. నేటికిని భారత పెట్రోలియం చట్టం ప్రకారం జ్వలన స్థానం 23 డిగ్రీలకు లోబడిన ద్రవాలు మొదటి తరగతి ప్రమాదకర ద్రవాలు. పాత దీపాల ప్రమాదాల నుండి పుట్టిన అంకె ఇంకా మన చట్టంలో బ్రతికియున్నది.

టోపీ పిన్ను, తోలు గరాటు

1888 ఆగష్టు నెలలో జర్మనీలోని మాన్‌హైమ్ నగరం నుండి బెర్తా బెంజ్ తన ఇద్దరు కుమారులతో కూడ, భర్త కార్ల్ బెంజ్ నిర్మించిన మూడుచక్రాల మోటారు బండిలో బయలుదేరినది. నూరు కిలోమీటర్లకు పైగా దూరమున్న ఫార్జ్‌హైమ్‌లోని పుట్టింటికి ఆమె ప్రయాణం. మోటారు బండిలో అంత దూరం ప్రయాణం చేసినవారు అంతకు ముందు లేరు. దారిలో ఇంధనం అయిపోగా వీస్‌లాక్ అనే ఊరిలో ఒక మందుల దుకాణంలో లిగ్రాయిన్ అనే తేలిక పెట్రోలియం ద్రవాన్ని కొనవలసి వచ్చినది. ఆ రోజులలో దానిని బట్టల మరకలు పోగొట్టడానికి అమ్మేవారు. మార్గమధ్యంలో ఇంధనపు గొట్టం పూడుకొనిపోయి బండి ఆగినది. బెర్తా తన టోపీకి గ్రుచ్చిన పొడుగాటి పిన్నును తీసి గొట్టంలోని అడ్డును తొలగించి బండిని నడిపించినది. చరిత్రలో మొదటి దూరప్రయాణంలోనే ఇంధనంలోని మలినం సమస్యగా తోచినదన్న మాట.

తరువాత ఇరవై ముప్పై సంవత్సరాల వరకు పెట్రోలు డబ్బాలలోను, పీపాలలోను అమ్మబడేది. డబ్బా త్రుప్పు, పీపా చెక్కపొడి, వాననీరు అన్నీ అందులో చేరేవి. తెలివైన మోటారు సోదరులు గరాటులో షామీ తోలు అనే మెత్తని తోలును పరచి, దానిగుండా పెట్రోలును వడపోసేవారు. పెట్రోలుతో ఒకసారి తడిసిన తోలు పెట్రోలును పోనిచ్చును గాని నీటిని పోనీయదు. నీటి తలతన్యత ఎక్కువగుట వలన, పెట్రోలుతో నిండిన సన్నని రంధ్రాలలో చొరబడలేక నీరు పైన ముత్యాల వలె నిలిచిపోతుంది. ఒక తోలుముక్క, ఒక భౌతికశాస్త్ర సూత్రం ఎందరి కార్లనో కాపాడినవి.

నీటికి ఇంత భయమెందుకు? లీటరు పెట్రోలు బరువు సుమారు 740 గ్రాములు. లీటరు నీటి బరువు 1000 గ్రాములు. కనుక నీరు ట్యాంకు అడుగునకు చేరును. ఇంజనుకు ఇంధనం పోయే గొట్టం కూడ అడుగుననే ఉండును. పది లీటర్ల పెట్రోలు పైన ఉన్నా, అడుగున ఉన్న గుక్కెడు నీరే ముందుగా ఇంజనుకు చేరును. పైగా ఎవరూ పోయకపోయినా నీరు చేరుతుంది. ట్యాంకు సగం ఖాళీగా ఉన్నప్పుడు ఆ ఖాళీలో గాలి ఉండును. రాత్రి చల్లదనానికి గాలిలోని తేమ గోడలపై మంచువలె పట్టి క్రిందికి జారును. 1908లో వచ్చిన ఫోర్డు 'టి' రకం కారులో ట్యాంకు అడుగున ఒక చిన్న గిన్నె, దానికి ఒక కుళాయి అమర్చబడినవి. నీరు, మడ్డి ఆ గిన్నెలో దిగేవి. అప్పుడప్పుడు కుళాయి త్రిప్పి వానిని వదలివేయడం కారు యజమాని పని. తరువాతి కార్లలో ఇంధనపు పంపుకు గాజుగిన్నె బిగించారు. బానెట్టు ఎత్తి చూస్తే అడుగున నీరు నిలిచినదీ లేనిదీ కంటికి కనబడేది.

అంగడిలో కూడ ఇటువంటి మార్పే వచ్చినది. అమెరికాలోని ఫోర్ట్ వేన్ నగరంలో సిల్వానస్ బౌజర్ 1885లో కిరసనాయిలు కొలిచిపోసే పంపును తయారుచేశాడు. ఇరవై సంవత్సరాల తరువాత అటువంటి పంపులే పెట్రోలుకు వచ్చినవి. ఇనుప పంపులో పోసేది ఏమిటో, ఎంతో కొనేవానికి కనబడదు. అందుచేత 1910 తరువాత పంపు నెత్తిన పెద్ద గాజు స్తంభాన్ని నిలిపారు. పెట్రోలు ముందు ఆ గాజులోనికి ఎక్కును; కొనేవాడు కొలతను, నిర్మలత్వాన్ని చూచుకొన్న తరువాత కారులోనికి దిగును. కొంతకాలానికి కంపెనీలు తమ పెట్రోలుకు ఎరుపు, నీలం వంటి రంగులు వేయ నారంభించినవి. రంగు చూచి నమ్మిన కొనుగోలుదారునకు గాజు స్తంభం వలన ఎక్కువ మేలు జరగలేదు. ఏలనన, కలిసిపోయే ద్రవాన్ని కన్ను వేరు చేయలేదు.

జిగురు: పెట్రోలులోనే పుట్టిన శత్రువు

కార్ల సంఖ్య పెరిగినకొలది స్వేదనం వల్ల వచ్చే పెట్రోలు చాలలేదు. 1913లో విలియం బర్టన్ బరువైన నూనెలను పీడనంతో వేడిచేసి, వాని పెద్ద అణువులను చిన్నవిగా విడగొట్టే పద్ధతిని అమలులోనికి తెచ్చాడు. ముడి చమురు నుండి వచ్చే పెట్రోలు ఇంచుమించు రెట్టింపయినది. కాని క్రొత్త పెట్రోలు నిలువయుంచితే పసుపుపచ్చగా మారి, అడుగున బంకవలె జిగురు తేలేది. అణువులను విడగొట్టినప్పుడు ద్విబంధాలు గల హైడ్రోకార్బనులు ఏర్పడుతాయి. అవి గాలిలోని ఆమ్లజనితో కలిసి మొదట పెరాక్సైడులుగాను, తరువాత ఒకదానికొకటి గొలుసువలె ముడిపడి జిగురుగాను మారుతాయి. రాగి ఈ చర్యను త్వరపరచును. ఆనాటి కార్లలో ఇంధనపు గొట్టాలు రాగివే!

దీనికి విరుగుడు వడపోతలో దొరకలేదు, రసాయన శాస్త్రంలో దొరికినది. మొదటి ప్రపంచయుద్ధ కాలంలోను, ఆ తరువాతను ఫ్రాన్సు దేశస్థులు మూరూ, ద్యుఫ్రేస్ అనేవారు హైడ్రోక్వినోన్ వంటి పదార్థాలు అత్యల్ప పరిమాణంలో ఉన్నా ఆక్సీకరణాన్ని ఆపగలవని చూపారు. అటువంటి నిరోధకాలను పెట్రోలులో పది లక్షల పాళ్లకు కొన్ని పదుల పాళ్లు కలిపితే జిగురు నెలల తరబడి ఏర్పడదు. అయినను నెలల కొలది కదలక పడియున్న కారులోని పెట్రోలు నేటికీ చెడుతుంది. 'పెట్రోలుకు వయస్సు ఉండదు' అనుకొనుట పొరపాటు.

సన్నని ముక్కు, అడ్డదారి

దుష్ట పదార్థమంతా దొంగదారిననే వచ్చినదని అనుకొనరాదు. 1921లో థామస్ మిడ్జ్‌లీ టెట్రాఇథైల్ సీసాన్ని పెట్రోలులో కలిపితే ఇంజను 'కొట్టుకొనుట' ఆగునని కనుగొన్నాడు. 1923 నుండి అది బహిరంగంగా అమ్మబడినది. సీసం విషమని ఆనాడే తెలుసు. 1924లో దానిని తయారుచేసే కర్మాగారాలలో కార్మికులు పిచ్చెత్తి చనిపోయారు. 1925లో జరిగిన సభలో ఆలిస్ హామిల్టన్ వంటి వైద్యులు గట్టిగా అభ్యంతరం చెప్పారు. అయినను అది యాభై సంవత్సరాలు రాజ్యమేలినది.

1975 నుండి అమెరికా కార్లలో పొగను శుద్ధిచేసే ఉత్ప్రేరక పరికరం వచ్చినది. సీసం ఆ ఉత్ప్రేరకాన్ని కప్పివేసి పనికిరాకుండ చేయును. కనుక సీసం లేని పెట్రోలు బంకులలో పంపు ముక్కును సన్నగా చేసి, క్రొత్త కార్ల ట్యాంకు నోటిని కూడ అంతే సన్నగా అమర్చారు. సీసపు పెట్రోలు ముక్కు లావు. అది క్రొత్త కారు ట్యాంకులో దూరదు. ఎంత చక్కని ఉపాయం! కాని సీసపు పెట్రోలు కొన్ని పైసలు చౌక. ఆ కొన్ని పైసల కొరకు ఎందరో కారు యజమానులు ట్యాంకు నోటిలోని అడ్డును పగులగొట్టి సీసపు పెట్రోలునే పోయించుకొన్నారు. యంత్రం వేసిన అడ్డును ధర తొలగించినది. ఈ సంగతిని పాఠకులు జ్ఞాపకముంచుకొనవలెను. భారతదేశంలో సీసపు పెట్రోలు 2000 ఫిబ్రవరి నుండి నిలిచిపోయినది. ప్రపంచంలో చివరిగా 2021లో ఆల్జీరియాలో నిలిచినది.

పెట్రోలులో కిరసనాయిలు

ఇప్పుడు కథ మన దేశానికి వచ్చినది. ఇక్కడ కిరసనాయిలు పేదవాని దీపం, పేదవాని పొయ్యి. అందువలన ప్రభుత్వం దానిని రేషను దుకాణాల ద్వారా చౌకగా ఇచ్చినది. పెట్రోలు కలిగినవారి వస్తువని దానిపై పన్నులు వేసినది. ఈ రెండు నిర్ణయాలు విడివిడిగా న్యాయమైనవే. కాని ఒకదానిలో ఒకటి కలిసిపోయే రెండు ద్రవాలకు మధ్య పెద్ద అగాధం వంటి ధరల తేడా ఏర్పడినది. 2005 చివర ఢిల్లీలో లీటరు పెట్రోలు 43 రూపాయలకు పైగా ఉండగా, రేషను కిరసనాయిలు సుమారు 9 రూపాయలు. 1870 దశకంలో పెట్రోలు చౌక, కిరసనాయిలు ప్రియం. కనుక పెట్రోలు కల్తీ సరుకు. ఇప్పుడు కిరసనాయిలు చౌక. కనుక కిరసనాయిలే కల్తీ సరుకు. ద్రవాలు మారలేదు, రసాయన శాస్త్రం మారలేదు, ధర మారినది.

నష్టం మూడు విధాలు. కిరసనాయిలులోని పొడుగాటి గొలుసు అణువులు తమంతట తాము ముందుగా అంటుకొని ఇంజను కొట్టుకొనునట్లు చేస్తాయి. పూర్తిగా ఆవిరి కాని భాగం సిలిండరు గోడల వెంట దిగి ఇంజనులోని కందెన నూనెను పలుచన చేయును. సగం కాలిన ఇంధనం పొగయై ఊరిమీద పడును. ఇది కారు యజమాని నష్టం, ఊరి నష్టం. మూడవ నష్టం ఎక్కువగా ఎవరూ తలచరు: బంకు చేరిన ప్రతి లీటరు ఏదో ఒక పల్లెలో రేషను కార్డుపై అందవలసిన లీటరు. జాతీయ అనువర్తిత ఆర్థిక పరిశోధనా మండలి 2005లో చేసిన అధ్యయనంలో రేషను కిరసనాయిలులో మూడవ వంతుకు పైగా దారి మళ్లుతున్నదని తేలినది.

దీనిని పట్టుకొనడానికి శాస్త్రం ఏమి చేసినది? మొదటిది రంగు. రేషను కిరసనాయిలుకు నీలిరంగు వేశారు. రంగును తొలగించడం దొంగలకు కష్టం కాలేదు. రెండవది సాంద్రత. కంపెనీ నుండి వచ్చిన ప్రతి లారీ పెట్రోలుకు 15 డిగ్రీల వద్ద సాంద్రత పత్రంలో వ్రాసియుండును. బంకులో హైడ్రోమీటరుతోను, ఉష్ణమాపకంతోను కొలిచి, పట్టికతో సరిచేసి చూచినప్పుడు ఘనమీటరుకు 3 కిలోగ్రాములకు మించి తేడా ఉండరాదు. విద్యార్థులు దీనిని లెక్కవేసి చూడవచ్చును. ఘనమీటరుకు 740 కిలోగ్రాముల పెట్రోలులో 800 కిలోగ్రాముల కిరసనాయిలును నూటికి 10 పాళ్లు కలిపితే సాంద్రత 746 అగును. దొంగ దొరికినట్లే. నూటికి 5 పాళ్లు కలిపితే 743 మాత్రమే, ఎల్ల దాటలేదు. కిరసనాయిలుతో బాటు దానికంటె తేలికైన మరొక ద్రావకాన్ని కూడ తగు పాళ్లలో కలిపితే సాంద్రత ఏమాత్రం మారదు. ఇట్టి ద్రావకాలు రంగుల పరిశ్రమలోను, రబ్బరు పరిశ్రమలోను వాడుకలో ఉన్నవే. 2002లో విజ్ఞాన పర్యావరణ కేంద్రం సుప్రీంకోర్టు పరిశీలనకై తయారుచేసిన నివేదికలో కూడ ఇదే సంగతి తేలినది: ఉన్న పరీక్షలు కల్తీని పట్టడానికి చాలవు. ప్రయోగశాలలో స్వేదనం చేసి చివరి మరుగు స్థానం చూడడం, ఆక్టేన్ సంఖ్య కొలవడం, క్రొమటోగ్రఫీ వంటివి పట్టగలవు. కాని ప్రతి బంకు ప్రక్కన ప్రయోగశాల ఉండదు.

అందువలన పని మనుష్యుల మీద పడినది. కర్ణాటకలోని కోలారు బంగారు గనుల ప్రాంతానికి చెందిన షణ్ముగం మంజునాథ్ లక్నోలోని మేనేజిమెంటు సంస్థలో చదివి, ఇండియన్ ఆయిల్ కార్పొరేషనులో అమ్మకపు అధికారిగా చేరిన యువకుడు. ఉత్తరప్రదేశ్‌లోని లఖింపూర్ ఖేరీ జిల్లాలో కల్తీ ఇంధనం అమ్ముతున్న బంకులను ఆయన మూయించారు. మూయించిన బంకు మళ్లీ తెరుచుకొన్నదని తెలిసి తిరిగి తనిఖీకి వెళ్లారు. 2005 నవంబరు 19న ఆయనను కాల్చి చంపారు. అప్పటికి ఆయన వయస్సు 27 సంవత్సరాలు. నేరస్థులకు పడిన యావజ్జీవ శిక్షలను 2015లో సుప్రీంకోర్టు ఖాయపరచినది. 2011 జనవరి 25న మహారాష్ట్రలోని మన్మాడ్ సమీపంలో, ఇంధన దొంగతనాన్ని కనిపెట్టి నిలదీసిన మాలేగాఁవ్ అదనపు జిల్లా కలెక్టరు యశవంత్ సోనవణేను సజీవదహనం చేశారు. హైడ్రోమీటరు చేయలేని పనికి వీరు ప్రాణాలు ఒడ్డవలసి వచ్చినది.

2005లో నిత్యావసర వస్తువుల చట్టం క్రింద మోటారు ఇంధనాల నియంత్రణ ఉత్తర్వు మరింత కఠినం చేయబడినది. 2006లో రేషను కిరసనాయిలులో కంటికి కనబడని ఒక గుర్తు రసాయనాన్ని కలిపి, బంకులోని పెట్రోలులో అది ఉన్నదేమో పరీక్షించే ఏర్పాటు జరిగినది. కొద్ది సంవత్సరాలకే దానిని మానివేశారు. తరువాత వంటగ్యాసు, విద్యుత్తు పల్లెలకు చేరినవి. కిరసనాయిలు ధరను మెల్లమెల్లగా పెంచుతూ వచ్చారు. 2020 నాటికి దానిపై సబ్సిడీ లేకుండ పోయినది. నీలిరంగు, గుర్తు రసాయనం, తుపాకి దెబ్బకు వెరవని అధికారి — వీరెవ్వరూ పూర్తిగా తొలగించలేకపోయిన ప్రలోభానికి వేరు కోసినది ధరల తేడా తగ్గడమే.

మళ్లీ నీరు

కిరసనాయిలు వెనుకకు తగ్గగా పాత శత్రువైన నీరు క్రొత్త వేషంలో ముందుకు వచ్చినది. మన దేశంలో పెట్రోలులో ఇథనాల్ కలుపుట 2003లో కొన్ని రాష్ట్రాలలో నూటికి 5 పాళ్లతో మొదలై, 2022లో 10 పాళ్లకు, 2025లో 20 పాళ్లకు చేరినది. ఇది కల్తీ కాదు, చట్టప్రకారం చేసిన మిశ్రమం. అయినను ఇథనాల్ నీటికి ఆప్తమిత్రుడు. శుద్ధమైన పెట్రోలు లీటరుకు ఒక మిల్లీలీటరులో అయిదవ వంతు నీటిని మాత్రమే కరగించుకొనగలదు. నూటికి 10 పాళ్లు ఇథనాల్ కలిసిన పెట్రోలు సుమారు 5 మిల్లీలీటర్లు కరగించుకొనగలదు. కనుక ట్యాంకు గోడల తేమ వంటి కొద్దిపాటి నీటిని ఇథనాల్ తనలో ఇముడ్చుకొని ఇంజనులోనికి పంపివేయును. చలిదేశాలలో ఇంధనపు గొట్టంలో నీరు గడ్డకట్టకుండా ట్యాంకులో ఆల్కహాలు పోసే అలవాటు పూర్వం నుండి ఉన్నది.

హద్దు దాటితే మాత్రం ఔషధమే రోగమగును. నీరు ఎక్కువైనప్పుడు ఇథనాల్ పెట్రోలును విడిచి నీటితో చేరి రెండూ కలిసి అడుగునకు దిగుతాయి. అడుగున దిగినది మామూలు నీటికంటె ఎన్నో రెట్లు ఎక్కువ పరిమాణం. పైన మిగిలినది ఇథనాల్ పోయి ఆక్టేన్ సంఖ్య తగ్గిన పెట్రోలు. బంకుల భూగర్భ ట్యాంకులలో వాననీరు చొరబడకుండా చూచుట ఇందువలన మునుపటికంటె ముఖ్యమైనది. బంకువారు కొలకర్రకు ఒక లేపనం పూసి ట్యాంకులోనికి దించుతారు. నీరు తగిలినంతమేర దాని రంగు మారును. ఇథనాల్ కలిసిన నీటికి పాత లేపనం సరిగా రంగు మారదు కనుక దానికి తగిన క్రొత్త లేపనాలు వాడవలెను.

నీరు పెద్దచిన్న చూడదు. 2025 జూన్‌లో మధ్యప్రదేశ్‌లోని రత్లాం వద్ద ఒక బంకులో డీజిలు పోయించుకొన్న ముఖ్యమంత్రి వాహనశ్రేణిలోని 19 వాహనాలు కొంతదూరం పోయి వరుసగా ఆగిపోయినవి. ట్యాంకులు విప్పగా డీజిలుతో బాటు నీరు బయటపడినది. అధికారులు ఆ బంకును మూసివేశారు.

ట్యాంకులో చెడుగు చేరినప్పుడు

పెట్రోలు పోయించిన వెంటనే కారు ఎగిరెగిరి పడుతూ ఆగిపోతే, మళ్లీ మళ్లీ స్టార్టు చేయరాదు. నేటి కార్లలో ఇంధనపు పంపు ట్యాంకులోపలనే ఉండి విద్యుత్తుతో నడుచును. తాళంచెవి త్రిప్పగానే అది అడుగునున్న నీటిని ఇంజను వైపు తోయ నారంభించును. పూర్వపు కార్బురేటరు జెట్టును విప్పి ఊదితే సరిపోయేది. ఇప్పటి ఇంజెక్టరు రంధ్రాలు వెంట్రుక మందాన ఉండి, నీటి త్రుప్పుకు, జిగురుకు త్వరగా లొంగుతాయి. కారును తోసుకొని పోయి ట్యాంకును పూర్తిగా ఖాళీచేయించి, తుడిపించి, ఫిల్టరు మార్పించి, మంచి పెట్రోలు పోయించుట సరియైన పద్ధతి. ఖాళీచేసిన ద్రవంలో కొంత శుభ్రమైన గాజుసీసాలో ఉంచినచో నీరు అడుగున వేరుపడుట కనబడును. ఫిర్యాదుకు సాక్ష్యమూ అగును. బిల్లును పారవేయరాదు.

గొట్టం నోటితో పీల్చి పెట్రోలు తీయుట కొందరికి అలవాటు. ఒక్క గుక్క ఊపిరితిత్తులలోనికి పోయినా ప్రాణాంతకమైన వాపు రావచ్చును, ఎన్నడూ చేయరాదు. పెట్రోలు ఆవిరి గాలికంటె బరువైనది. అది నేలవెంట ప్రాకి దూరాననున్న మంటను అందుకొనగలదు. కనుక ఈ పని ఆరుబయట, నిప్పుకు దూరంగా, తెలిసినవారిచేతనే జరగవలెను. తీసిన చెడు పెట్రోలును కాలువలో పోయరాదు.

బంకులో అడిగి చేయించుకొనదగిన పరీక్షలు రెండు కలవు. పంపు ముక్కును తుడిచి వడపోత కాగితంపై ఒక చుక్క వేయించవలెను. మంచి పెట్రోలు రెండు నిమిషాలలో ఆవిరియై పోవును. రంగు వలన వచ్చే లేత గులాబి ఛాయ తప్ప మరక మిగలదు. నల్లని మరక లేక జిడ్డు మిగిలినచో అనుమానించవలెను. రెండవది సాంద్రత పరీక్ష. ఈ రెండింటిని కోరే హక్కు ప్రతి వినియోగదారునకు కలదు. వీని హద్దులు పైన చెప్పినవే. ఉపాధ్యాయులు పెట్రోలును ముట్టకుండానే, నీరు, కొబ్బరినూనె, ఒక హైడ్రోమీటరు తీసుకొని సాంద్రత ఏమి చెప్పగలదో, ఏమి చెప్పలేదో తరగతిలో చూపవచ్చును. ఉప్పునీటిలో తగినంత స్పిరిటు కలిపితే సాంద్రత మళ్లీ మంచినీటి సాంద్రతకు వచ్చును, హైడ్రోమీటరు మోసపోవును. రెండు కల్తీలు కలిసి ఒక పరీక్షను ఎట్లు దాటునో దీనివలన విద్యార్థులకు బోధపడును.

తోలు గరాటు నీటిని ఆపినది. నిరోధకం జిగురును ఆపినది. ప్రకృతి తెచ్చిన చెడుగుకు ఈ విధంగా శాస్త్రం ఒక్కొక్క విరుగుడును కనుగొన్నది. లాభాపేక్ష తెచ్చిన చెడుగు మాత్రం ప్రతి విరుగుడునూ నేర్చుకొని దానిని దాటే దారి వెదకినది. 1870లో దీపం ప్రేలి చనిపోయిన పిల్లలకు, 2005లో తుపాకికి బలియైన అధికారికి నడుమనున్న బంధం ఇదే: కలిసిపోయే రెండు వస్తువుల ధరల మధ్య తేడా ఉన్నంతకాలం పరికరం ఒక్కటే కాపలా కాయలేదు. ఆ తేడాను గమనించి సరిదిద్దే ప్రభుత్వమూ, పరీక్షను కోరే పౌరుడూ, కొలతను దాచక వ్రాసే అధికారీ దానికి తోడు నిలువవలెను.